చెరిసగం ఆట

శనివారం మధ్యాహ్నం విజిలక్క పిల్లల ఆట చొక్కాలు ఉతికి మేడ మీద తీగకి ఆరేసింది. పసుపువన్నీ ఒక వరుస, మెరూన్‌వన్నీ ఒక వరుస. క్లిప్పులు చాలక చివరి రెండు చొక్కాల భుజాలు కలిపి ఒకే క్లిప్పు పెట్టింది. “కాస్త నడుం వాలుస్తానే, టీ పెట్టేటప్పుడు లేపు” అని చెల్లెలితో చెప్పి లోపలికెళ్ళింది.

చెల్లెలు టీ పెట్టి లేపబోతే ఆవిడ లేవలేదు. దూరంనించి ఎవరో పిలిస్తే అటు తిరిగినట్టు తల కిటికీవైపు తిప్పి ఉంది. మొహంలో కష్టమేమీ కనిపించలేదు. కిటికీ అవతల చొక్కాలు గాలికి ఊగుతుంటే వాటి రంగు నీడలు మంచం మీద పడి కదులుతున్నాయి. అందుకే చెల్లెలికి ఓ నిమిషంపాటు ఆవిడ కూడా కదులుతున్నట్టే అనిపించింది.

విజిలక్క అసలు పని కత్తెర పని. స్కూలు యూనిఫారాలు కుట్టే షాపులో గుడ్డ కత్తిరించేది. పెద్ద బల్ల మీద తానులు పరిచి, అరిగిపోయిన సుద్దముక్కతో గీతలు గీసి, మోచేతంత కత్తెర తోస్తూ పోతుంటే, చూసేవాళ్ళకి నీళ్ళలో పడవ పోతున్నట్టుండేది. షాపులో ఎప్పుడూ గుడ్డ నూగు తేలుతూ ఉంటుంది. ఎండ పడే వేళ ఆ నూగంతా బంగారం పొడిలా మెరిసేది. ఆవిడ సాయంత్రం ఇంటికొస్తే కనుబొమ్మల మీద కూడా అదే నూగు. “పెద్దమ్మ మంచులో తిరిగొచ్చింది” అనేవాడు చెల్లెలి కొడుకు చిన్నప్పుడు.

మెడలో దారానికి విజిల్ ఒకటి ఎప్పుడూ వేలాడుతుండేది. షాపులోనూ తీసేది కాదు. ఓసారి కొలతలిస్తున్న హెడ్మాస్టరు ఊరికే కదులుతుంటే అలవాటులో విజిల్ ఊదేసిందనీ, ఆయన చేతులు కట్టుకుని బిగుసుకుపోయి నిలబడ్డాడనీ షాపువాళ్ళు చెప్పుకుని నవ్వుకునేవారు. అసలు పేరు రేషన్ కార్డు మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. పిల్లలకీ, వాళ్ళ అమ్మానాన్నలకీ, చివరికి పోస్ట్‌మాన్‌కీ ఆవిడ విజిలక్కే.

ఉండేది చెల్లెలి ఇంట్లోనే, మేడ మీది రెండు గదుల్లో. చెల్లెలు కళ్ళజోళ్ళ షాపులో పని చేసేది. చెల్లెలి భర్త రైలు గార్డు. ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ నిద్రపోతూనే ఉండేవాడు కాబట్టి ఇల్లంతా గుసగుసల మీదే నడిచేది. ఇంట్లో గుసగుసగా బతికిన మనిషి ఆదివారం వచ్చేసరికి విజిల్ పట్టుకుని పేట పేటంతా లేపేది.

ఆదివారం ఫుట్‌బాల్ మొదలైంది మిగిలిపోయిన గుడ్డతోనే. కత్తిరింపులో పక్కకి పడే ముక్కలు పారేయడానికి ఆవిడకి మనసొప్పేది కాదు. ఒక స్కూలు పసుపు, ఒక స్కూలు మెరూన్, ఇంకో స్కూలు నీలం. వాటితో చేతుల్లేని చొక్కాలు కుట్టి, నీళ్ళ ట్యాంకు కింది ఖాళీ జాగాలో పిల్లల్ని వీధులవారీగా జట్లు కట్టించింది. ట్యాంకు నీడ పొద్దున జాగాకి ఆ చివర ఉండేది, ఆట సాగుతున్నకొద్దీ మెల్లగా జరుగుతూ మధ్యకొచ్చేది. నీడ మధ్య గీత దాటితే ఆట అయిపోయినట్టు. చేతికి గడియారం ఎవరూ పెట్టుకునేవాళ్ళు కాదు. మబ్బు పట్టిన ఆదివారాల్లో మాత్రం ఆకలేసేదాకా ఆడుకునేవారు.

చెల్లెలి కొడుకు పసుపు జట్టుకి గోల్‌కీపరు. వాడికి ‘తలుపు’ అని పేరు పెట్టింది కూడా పెద్దమ్మే. “వీడు నిలబడితే వేసిన తలుపే, గాలి కూడా దూరదు” అంది. మొదట్లో నిజంగానే దూరలేదు. వాడు గోలు ముందు చేతులు చాపి నిలబడితే, గట్టున కూర్చున్న చెల్లెలికి వాడు వారానికి వారం కాస్త కాస్త పొడుగవుతున్నట్టు కనిపించేది.

అప్పుడు మిడత వచ్చింది.

బ్రెడ్డు వ్యాను నడిపే ఆయన కూతురు. ఆదివారం పొద్దున వ్యాను వచ్చి ఆగేది, వెనక తలుపు తెరిస్తే వేడి బ్రెడ్డు వాసనతోపాటు ఈ పిల్ల కిందికి దూకేది. సన్నటి కాళ్ళు, మోకాళ్ళ మీద ఎప్పుడూ ఓ మానిన దెబ్బ, ఓ పచ్చి దెబ్బ. మెరూన్ చొక్కా వేస్తే మోకాళ్ళదాకా వచ్చింది. చొక్కాలో పిల్ల ఉందా, పిల్లలో చొక్కా ఉందా అని గట్టు మీద నవ్వుకున్నారు.

ఆట మొదలయ్యాక ఎవరూ నవ్వలేదు. బంతి ఆ పిల్ల కాలికి తగిలాక ఇక దానికి వేరే దారి తెలియనట్టు ఉండేది. అడ్డం వచ్చినవాళ్ళని గెంటేది కాదు, తోసేది కాదు. వాళ్ళు లేనట్టే, ఎండలో గాలి కదిలినట్టు పక్కనించి వెళ్ళిపోయేది. వెళ్ళిపోయాక గానీ వాళ్ళకి తెలిసేది కాదు. చూస్తున్న చెల్లెలికి మధ్యాహ్నం నిద్రలో వచ్చే కలలాంటిదేదో కళ్ళముందు జరుగుతున్నట్టుండేది. అడుగులు వినిపించవు, బంతి మాత్రం వెళ్ళి వలలో పడుతుంది. ఆ కలలో ప్రతిసారీ బంతికి ఎదురుగా నిలబడి ఉన్నది తన కొడుకని ఓ క్షణం తర్వాత గుర్తొచ్చేది.

“తలుపుకి గడియ పెట్టలేదురా” అన్నాడు ఒకడు.

“గడియేంట్రా, అసలు తలుపే లేదక్కడ. కర్టెను కట్టారు” అన్నాడు ఇంకొకడు.

వారాలు గడిచాయి. మెరూన్ జట్టు ఎవరితో ఆడినా అదే తంతు. మిగతా జట్ల పిల్లలు సగం ఆటలోనే నడవడం మొదలుపెట్టారు. మెరూన్ పిల్లలు కూడా బంతి దొరికితే మిడత ఎక్కడుందా అని చూసి అటు తన్నేసి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేవారు. తలుపుకి ఆదివారం పొద్దున కడుపునొప్పి రావడం మొదలైంది. సోమవారానికి తగ్గిపోయేది.

నీలం జట్టు కెప్టెన్ తండ్రికి మెడికల్ షాపుంది. ఆయన ఒకరోజు కత్తెర బల్ల దగ్గరికే వచ్చాడు.

“ఆ పిల్లని నేనేమీ అనట్లేదమ్మా. బంగారంలాంటి పిల్ల. కానీ మావాడు వస్తున్నది ఆడ్డానికా, ఆ పిల్ల ఆడుతుంటే చూడ్డానికా? చూడ్డానికైతే ఇంట్లో టీవీ ఉంది.”

“ఏం చెయ్యమంటావు బాబూ?”

“పెద్ద పిల్లల ఆటకి పంపించండి.”

“అడిగాను. ఈ పిల్ల ఎగిరినా వాళ్ళ నడుందాకా రావట్లేదు, తొక్కేస్తామేమోనని భయపడ్డారు.”

“అయితే గోల్‌కీపర్‌గా పెట్టండి.”

“చేపని తీసి చెట్టెక్కించమంటావు” అంది విజిలక్క. ఆయన నవ్వలేదు. ఆవిడా నవ్వలేదు.

ఆ సాయంత్రం చెల్లెలు కూడా అడిగింది. రైలు గార్డు నిద్రపోతున్నాడు కాబట్టి గుసగుసగానే అడిగింది. “అక్కా, వాడు నిన్న పడుకుని కూడా చేతులు అడ్డం పెట్టుకుంటున్నాడే. నిద్రలో బంతులు పట్టుకుంటున్నాడు. అవీ దొరకట్లేదనుకుంటా, ఏడుస్తున్నాడు. ఏదో ఒకటి చెయ్యి.”

విజిలక్క కనుబొమ్మల మీది నూగు దులుపుకుంది. తర్వాత, తనలో తను అనుకుంటున్నట్టు, “పెద్ద పువ్వున్న గుడ్డ వచ్చిందనుకో. ఆ పువ్వు మొత్తం ఒక పక్కకే పోతే రెండో పక్క బోడిగా ఉంటుంది. అప్పుడు పువ్వుని నడిమధ్యకి తెచ్చి కత్తెర పెట్టాలి. చెరిసగం పడుతుంది” అంది.

పై ఆదివారంనించి కొత్త పద్ధతి. మిడత సగం ఆట మెరూన్ వైపు ఆడుతుంది. సగం అయ్యాక ట్యాంకు స్తంభం వెనక్కెళ్ళి చొక్కా మార్చుకుని, ఎదుటి జట్టు రంగు వేసుకుని వచ్చి మిగతా సగం వాళ్ళ వైపు ఆడుతుంది. ఇందులో పేచీ పెట్టడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు. మెడికల్ షాపాయన కూడా, “కత్తెర పట్టుకున్న చెయ్యి కదా, తీర్పు కూడా కొలిచి ఇచ్చింది” అన్నాడు.

పద్ధతి పనిచేసింది కూడా. ఆటలు సమానంగా ముగియడం మొదలైంది. ఈ వారం రెండూ రెండూ, పై వారం మూడూ మూడూ. పిల్లలు మళ్ళీ పరుగెత్తారు. తలుపుకి కడుపునొప్పి తగ్గింది. మిడత కొట్టిన బంతి ఒకటి వాడు పక్కకి దూకి పట్టుకున్న రోజున ఇంటికి నడిచి రాలేదు, గుమ్మం మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చాడు. నిద్రపోతున్న తండ్రిని లేపి మరీ చెప్పాడు. ఆయన కళ్ళు తెరవకుండానే, “మంచిది నాన్నా, సిగ్నలు పడిందా?” అని అటు తిరిగి పడుకున్నాడు. చెల్లెలికి ఆ రోజు ఇల్లంతా వెలుతురు ఎక్కువైనట్టనిపించింది.

విజిలక్క మాత్రం అన్నం ముందు కూర్చుని వేళ్ళతో మెతుకులు అటూ ఇటూ తోస్తోంది.

“ఏమయిందే?” అంది చెల్లెలు.

“ఆ పిల్ల ఆడట్లేదే. లెక్క చూసుకుంటోంది.”

“లెక్కేంటి?”

“చూశావా నువ్వు? బంతి కాలికిందకి రాగానే ముందు ఎవరికెన్ని అయ్యాయో అడుగుతోంది. తర్వాత గోల్‌కీపరు మొహం చూస్తోంది. అప్పుడు తంతోంది. ఇదివరకు బంతి తప్ప ఏదీ చూసేది కాదు.”

“అందరూ సంతోషంగా ఉన్నారుగా అక్కా. ఎవరికి నష్టం?”

విజిలక్క కంచం తీసుకుని లేచింది. కానీ ఆ తర్వాతి ఆదివారం ఆటయ్యాక, బ్రెడ్డు వ్యాను కోసం గట్టు మీద కూర్చున్న మిడత పక్కన తనూ వెళ్ళి కూర్చుంది. చెల్లెలు గుంజలకి కట్టిన వల విప్పుతూ వింటోంది.

“ఇందాక ఆ బంతి ఎందుకే వదిలేశావు? వల ఖాళీగా ఉందిగా.”

“అప్పటికే సమానమైపోయింది విజిలక్కా” అంది మిడత, గడ్డిపరక నములుతూ. “ఇంకోటి కొడితే మా మెరూన్ వాళ్ళు ఓడిపోతారు. మొదటి సగంలో కొట్టినన్ని రెండో సగంలో కొడితే చాలు. ఎక్కువ కొట్టకూడదని ఎవరూ చెప్పలేదులే, నాకే తెలుసు.”

“మరి బాగుందా అలా?”

పిల్ల ఆలోచించింది. “బాగానే ఉంది. ఎవరూ తిట్టట్లేదు.” నములుతున్న పరక ఉమ్మేసి, “ఇంటికెళ్ళి పడుకుంటాను కదా, అప్పుడు కొడతాను” అంది.

“ఎక్కడ కొడతావే?”

“కలలో. కలలో ఎంత చూసినా నా చొక్కా ఏ రంగో కనపడదు. అందుకని ఎన్నయినా కొట్టచ్చు.”

వ్యాను వచ్చింది. పిల్ల బ్రెడ్డు ట్రేల మధ్య కూర్చుని చెయ్యి ఊపింది. విజిలక్క కూడా ఊపింది గానీ, వ్యాను మలుపు తిరిగాక కూడా ఆ చెయ్యి గాల్లోనే మర్చిపోయింది. ఇంటికి నడుస్తూ, “గుడ్డలో చెరిసగం పడ్డ పువ్వుని మళ్ళీ కుట్టుతో కలుపుతామే. ఈ పిల్లకి కుట్టెక్కడ వెయ్యను?” అంది. వల బరువుగా ఉండి, చెల్లెలు ఆ మాటని అంతగా పట్టించుకోలేదు.

ఆ ఏటి ఆఖరి ఆట పసుపుకీ మెరూన్‌కీ పడింది. పల్చటి ఎండ. ట్యాంకునించి ఎక్కడో నీటిబొట్టు కారుతూ, గాలి వీచినప్పుడల్లా తుంపరగా చెదిరి ఆడేవాళ్ళ మీద పడుతోంది. మొదటి సగంలో మిడత మెరూన్ వైపు ఆడి రెండు కొట్టింది. రెండూ మర్యాదగా, తలుపుకి కాస్త దూరంనించి. విజిల్ మోగింది. పిల్లలు నీళ్ళ కుళాయి దగ్గరికి పరుగెత్తారు. మిడత, విజిలక్క స్తంభం వెనక్కి వెళ్ళారు.

తిరిగొచ్చేసరికి పిల్ల ఒంటిమీద మెరూన్ చొక్కాయే ఉంది.

“ఏంటమ్మా, మార్చలేదా?” అన్నాడు మెడికల్ షాపాయన గట్టు మీద నించుని.

విజిలక్క ఆయనవైపు చూడలేదు. విజిల్ ఊదింది.

తర్వాత జరిగింది చెల్లెలికి ఇప్పటికీ నిద్రలోనే ఎక్కువ స్పష్టంగా కనిపిస్తుంది. ఆ పిల్ల ఎవరి మొహమూ చూడలేదు. ఎన్నయ్యాయని ఎవరినీ అడగలేదు. బంతితో ట్యాంకు నీడలోంచి ఎండలోకీ, ఎండలోంచి నీడలోకీ దాటుతుంటే, నీడలో ఉన్నప్పుడు కనిపించకుండా పోయి, ఎండలోకి వచ్చేసరికి గోలు ముందు ఉండేది. మెరూన్ పిల్లలు నడుం మీది చేతులు తీసి తామూ పరుగెత్తారు. పసుపు పిల్లలు అరుస్తూ వెనక్కి పరుగెత్తారు. తలుపు దూకాడు. కుడికి దూకాడు, ఎడమకి దూకాడు, బంతి వెళ్ళిపోయాక కూడా దూకాడు. మోచేతులు చెక్కుకుపోయాయి. ఒక్కసారి మాత్రం, మిడత ఒళ్ళంతా విల్లులా వంచి కొట్టిన బంతికి వాడి వేలి చివర తగిలింది. బంతి గుంజని రాసుకుని బయటికి పోయింది. మిడత ఆగి వాడివైపు చూసి నవ్వింది. అదొక్కటే వాడు ఆపింది.

గట్టంతా గోలగోలైంది. “పద్ధతంటే పద్ధతే కదా, ఆఖరి ఆటకి గాలికొదిలేస్తారా?” అని ఒకరు. “ఆ పిల్ల తండ్రి రోజూ బ్రెడ్డు ఇస్తున్నాడేమోలే” అని ఇంకొకరు. నీడ గీత దాటగానే చెల్లెలు జాగాలోకి నడిచి, మట్టిలో కూలబడి ఉన్న కొడుకు రెక్క పట్టుకుని లేపి, అక్క కోసం ఆగకుండా ఇంటికి తీసుకొచ్చేసింది. దారిలో వాడేదో చెప్పబోతే, “నువ్వేం మాట్లాడకు నాన్నా, నేను చూసుకుంటాను” అంది.

ఆ రాత్రి ఆ ఇంట్లో మొదటిసారి గుసగుస లేకుండా మాట వినపడింది.

“అందరిముందూ వాడి పరువు తీశావు. నీకు ఆ పిల్ల ఎక్కువైపోయింది కదూ? పిల్లలు లేనిదానివి, నీకేం తెలుస్తుందిలే.”

రైలు గార్డు లేచి కూర్చున్నాడు. విజిలక్క గుమ్మం దగ్గర చొక్కాల మూట విప్పుతోంది. మొహం ఎత్తకుండా, “నాకే తోచింది, చేశాను. తప్పయితే నాదేలే” అంది. ఇంకేమైనా అంటుందేమోనని చెల్లెలు ఎదురుచూసింది. ఆవిడ మూటలోంచి పసుపు చొక్కాలన్నీ ఏరి చంకన పెట్టుకుని మేడ మెట్లు ఎక్కి వెళ్ళిపోయింది.

అక్కచెల్లెళ్ళ మాటలు ఎన్నాళ్ళో ఆగవు. సూదిలో దారం ఎక్కడంలేదని అక్క సూది చాపితే చెల్లెలు ఎక్కించి ఇచ్చింది. “నీ కళ్ళకి జోడు కావాలే, మా షాపుకి రా” అంది. “వస్తాలే” అంది అక్క. అంతటితో కలిసిపోయారు. ఆ ఆట మాట మాత్రం ఇద్దరి మధ్యా మళ్ళీ రాలేదు. వచ్చే దారిలో అడ్డంగా బల్లేసుకుని ఇద్దరూ పక్కనించి నడవడం నేర్చుకున్నారు.

మెడికల్ షాపాయన నీలం జట్టుని తీసుకెళ్ళి వేరే చోట ఆడించుకున్నాడు. మిగిలినవాళ్ళతో విజిలక్క ఆదివారాలు నడిపింది. చొక్కా మార్చే పద్ధతి మళ్ళీ పెట్టలేదు. ఏ వారానికావారం పిల్లలే కూర్చుని కొత్తగా జట్లు కట్టుకునేవారు. మిడత వైపు ఎప్పుడూ ఇద్దరు తక్కువ ఉండేవాళ్ళు. అయినా మిడతే గెలిచేది. ఒక్కోసారి గెలిచేది కాదు. తలుపు మానలేదు. వాడికి కడుపునొప్పి ఎందుకు తిరిగి రాలేదో చెల్లెలికి అర్థం కాలేదు గానీ, రానందుకు సంతోషించింది.

విజిలక్క పోయాక, ఒక వారం దాటిన ఆదివారం చెల్లెలు తనకి తెలియకుండానే జాగా దగ్గరికి నడిచింది. పిల్లలు వచ్చి ఉన్నారు. ఎవరూ రమ్మని చెప్పలేదు, ఎవరూ వద్దని చెప్పలేదు. బంతి మధ్యలో పెట్టి, విజిల్ ఊదేవాళ్ళు లేక, దాని చుట్టూ నిలబడి ఉన్నారు. చెల్లెలు గట్టు మీద కూర్చుంది. మిడత వచ్చి పక్కన కూర్చుంది. ఆ పిల్ల మోకాలి మీది దెబ్బ వైపు చూస్తూ చెల్లెలు, మాట్లాడాలని కాకుండానే, “ఆవేళ నీతో ఏం చెప్పిందే విజిలక్క? స్తంభం వెనకాల?” అని అడిగింది.

“విజిలక్క ఏం చెప్పలేదాంటీ. పసుపు చొక్కా ఇచ్చింది. నేను వేసుకుంటుంటే తలుపు వచ్చి లాక్కున్నాడు.”

“వాడు అక్కడికి వచ్చాడా?”

“ఊఁ. ‘నువ్వు కావాలని పక్కకి కొడుతున్నావని నాకు తెలుసు. నేను పట్టుకున్నవన్నీ నువ్వు ఇచ్చినవే. ఇవాళ నిజంగా కొట్టు’ అన్నాడు. విజిలక్క ఏమో, ‘మీ అమ్మ ఊరుకోదురా, తర్వాత బాధపడతావు’ అంది. వాడు పడనన్నాడు. మళ్ళీ వెళ్ళబోతూ వెనక్కొచ్చి, ‘నేనడిగానని అమ్మకి చెప్పకు పెద్దమ్మా, ఇన్నాళ్ళూ నేను పట్టుకున్నానని అమ్మ చాలా సంతోషపడింది’ అన్నాడు. విజిలక్క చెప్పనంది.”